ముంగట లేపాలె అన్నా!

సూర్యాపేటలో హైవే పక్కన వరసగా ఉండే మెకానిక్ షెడ్ల దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. కోదాడ బైపాసైనా సరే, మిర్యాలగూడలో రైసు మిల్లులకు పోయే దారైనా సరే. కొత్తగా పికప్ కొన్న కుర్రాడెవరైనా వస్తే సంభాషణ ఇంచుమించు ఇలాగే సాగుతుంది.

‘‘అన్నా, ముంగట జర లేపాలె.’’

‘‘ఎందుకు తమ్మీ? మంచిగనే ఉన్నది గద బండి!’’

‘‘ఏం మంచిగ? ఎనక లేసి, ముంగట మూతి నేలకు పెట్టినట్టున్నది. సమానంగ కావాలె. టైర్లు గూడ జర బయటికి రావాలె. ఎదురుంగ వస్తుంటే జబర్దస్తుగ కనవడాలె.’’

‘‘ఎంత లేపుమంటవ్?’’

‘‘రెండించులు.’’

రెండంగుళాలే కదా అనిపిస్తుంది. కిస్తీ మీద కొన్న బండి. ఉన్న ముచ్చటంతా ఆ రెండంగుళాల్లోనే ఉంది. పిల్లవాడిని తప్పుపట్టలేం. పక్కనుంచి చూస్తే ఖాళీ పికప్ నిజంగానే వింతగా ఉంటుంది. వెనక భాగం పైకి లేచి, ముందు భాగం వంగి, ఏదో వెతుక్కుంటున్నట్టు! లక్షలు పోసి కొన్నవాడికి మనసు చివుక్కుమనడం సహజమే. కంపెనీవాడు కొలత తప్పాడా అని అనుమానం కూడా వస్తుంది.

తప్పలేదు. ఆ వంపు కావాలని పెట్టిందే. ఎందుకు పెట్టారన్నది మన తాతలకు బాగా తెలుసు. వాళ్లు పికప్ ఎక్కలేదు గానీ ఎడ్లబండి తోలారు.

బండికి ఇరుసు ఒక్కటే. ధాన్యం బస్తాలు ఇరుసుకు ముందు ఎక్కువ పడితే ఆ బరువంతా నొగల మీదుగా కాడికి చేరి ఎద్దుల మెడలు వంగిపోతాయి. వెనక ఎక్కువ పడితే నొగలు పైకి లేస్తాయి, మెడపట్టెడ గొంతుకు బిగుసుకుంటుంది, గట్టు ఎక్కేటప్పుడు ఎద్దు గిలగిల్లాడుతుంది. అందుకే పెద్దమనిషి బస్తాలు సర్దించేటప్పుడు నొగ చివర చెయ్యి వేసి ఎత్తి చూసేవాడు. అరచేతికి కాస్తంత బరువు తెలిస్తే చాలు, ‘‘ఇగ కట్టుండ్రి తాడు’’ అనేవాడు. ఖాళీ బండి ఎలా కనిపిస్తుందన్న ఆలోచన అతనికి లేదు. బరువు పడ్డాక ఎలా నిలబడుతుందన్నదే లెక్క.

పికప్‌కి ఇరుసులు రెండు. ఇంజను, క్యాబిన్, డ్రైవరు అంతా ముందు చక్రాల మీదో, వాటి దగ్గరో ఉంటారు. ఆ బరువు ఎప్పుడూ పెద్దగా మారదు. మారేది వెనక బరువు. పొద్దున ఖాళీ, మధ్యాహ్నం టన్నున్నర! కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తా 40 కిలోలు. అంటే 37 బస్తాలకు 1480 కిలోలు. ఆ బరువులో చాలా భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. కమాను కట్టలు అణిగి వెనక భాగం నాలుగు వేళ్లు దిగుతుంది. అప్పుడు బండి సమానంగా నిలబడాలంటే ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా ఉండక తప్పదు. మీరు షోరూములో చూసిన వంపు మిల్లు కాంటా దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యేలా లెక్కగట్టారన్నమాట.

ఇక్కడ ఇంకో సంగతి. మన వైపు పికప్‌లలో ముందు భాగం మరీ కిందికి ఉన్నట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ముందు లేదు, వెనకే ఉంటుంది. కొన్న నెలలోనే వెనక కమానుకు అదనంగా ఒక పట్టీ, కొందరైతే రెండు పట్టీలు వేయిస్తారు. ‘‘లోడు ఎక్కువ పట్టాలి కదా’’ అంటారు. పట్టీ పడగానే వెనక రెండంగుళాలు లేస్తుంది. అంతకుముందు కొద్దిగా వంగి ఉన్న బండి ఇప్పుడు పూర్తిగా సాష్టాంగపడినట్టు అవుతుంది. అప్పుడు మొదలవుతుంది ముంగట లేపే ఆలోచన! మొదటి మార్పు తెచ్చిన వికారాన్ని కప్పడానికి రెండో మార్పు, ఆ రెండోది సరిగా కనిపించాలని వెడల్పు టైర్లు... ఇలా దారం లాగితే చీరంతా ఊడి వస్తుంది.

అదనపు పట్టీ చేసే ఇంకో పని చాలామంది డ్రైవర్లకు తెలియదు. ఎన్నో పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. దాని చివర బ్రేకు ఆయిల్ గొట్టాలు కలిసే చిన్న వాల్వు. వెనక బరువు పడి ఛాసిస్ కిందికి దిగితే కడ్డీ కదిలి ‘‘బరువుంది, వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచు’’ అని వాల్వుకు చెబుతుంది. బండి ఖాళీగా ఉంటే తగ్గించమంటుంది. లేకపోతే ఖాళీ బండి వానలో బ్రేకు వేయగానే వెనక చక్రాలు బిగుసుకుని తోక తిప్పేస్తుంది. పట్టీలు వేసి వెనక లేపేశారనుకోండి, లోడు ఉన్నా ఆ కడ్డీ తగినంత కదలదు. టన్నున్నర మోస్తున్న బండి తాను సగం ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకు బలం తగ్గి భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. ‘‘బ్రేకు ప్యాడ్లు తొందరగ అరుగుతున్నయ్’’ అని కంపెనీని తిట్టేవాళ్లు ఓసారి కింద పడుకుని ఆ కడ్డీ ఎలా ఉందో చూసుకుంటే మంచిది. కొన్ని బండ్లకు దాన్ని తీగతో కట్టేసి ఉంచుతారు, అదింకా ఘోరం.

సరే, వెనక సంగతి పక్కన పెట్టి ముందుకు వద్దాం.

లేపడం ఎలా?

అన్ని బండ్లకూ ఒకే మంత్రం పనిచేయదు. చిన్న సరకు బండ్లలో చాలావాటికి ముందు కూడా కమాను కట్టలే. వాటికి పట్టీ చేర్చడమో, ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టడమో చేస్తారు. కొన్నింటికి టార్షన్ బార్ అనే పొడవాటి కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ మెలితిరిగే బలమే స్ప్రింగు. దాని చివరి బోల్టు నాలుగు చుట్లు బిగిస్తే ముందు భాగం లేస్తుంది. ఖర్చు లేదు, పది నిమిషాల పని. అందుకే ఎక్కువ మోసం కూడా ఇందులోనే. చక్రం కిందికి జారడానికి ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది. గుంటలో దిగినప్పుడు చక్రం నేలను అందుకోలేక ‘ఠక్’మని కొట్టుకుంటుంది.

ఇక డబుల్ క్యాబిన్ పికప్‌లు. తిరుపతి దగ్గరి శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ప్లాంటులో తయారయ్యే వి-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ లాంటివి. వీటికి ముందు పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు, మధ్యలో కాయిల్ స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన జోడు. వెనక మాత్రం కమాను కట్టలే. ఈ బండ్లకు షాకబ్జరు పైభాగాన ఒక బిళ్ల పెట్టి లేపుతారు. ఇక్కడో కిటుకుంది. షాకబ్జరు కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో తగులుతుంది, చక్రమేమో ఆర్మ్ చివర ఉంటుంది. కాబట్టి అంగుళం మందం బిళ్ల పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. ఈ లెక్క తెలియని చోట ‘‘రెండించులు కావాలన్నడు గద’’ అని రెండంగుళాల బిళ్లే పెట్టేస్తే ఏమవుతుంది? బండి నాలుగంగుళాలు లేస్తుంది. బాల్ జాయింట్లు వాటి హద్దు దాకా వంగిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిళ్ల జాయింట్లు వంకర కోణంలో తిరిగి తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి. గ్రీజు బయటికి, మట్టి లోపలికి.

ఎలా లేపినా చక్రాలు నిలబడే కోణాలు మారతాయి. అలైన్‌మెంటు చేయించకపోతే టైరు ఒక పక్కనే రంపంతో కోసినట్టు అరుగుతుంది. అయితే ఇవన్నీ బండి యజమాని జేబుకు తగిలే దెబ్బలు. అసలు దెబ్బ ఎదుటివాడి కళ్లకు తగులుతుంది.

చిన్న లెక్క వేద్దాం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మూడు మీటర్లనుకోండి, పికప్‌లలో చాలావాటికి అటూ ఇటూగా అంతే. ముందు భాగాన్ని రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు లేపితే బండి సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఒక్క డిగ్రీ! మనిషి కంటికి ఆనదు. కానీ హెడ్‌లైటుకు ఆనుతుంది. వెలుగు మీటరుకు 1.67 సెంటీమీటర్ల చొప్పున పైకి పోతుంది. లో బీమ్‌ని మామూలుగా మీటరుకు ఒక సెంటీమీటరో, ఇంకాస్త ఎక్కువో కిందికి దిగేలా అమరుస్తారు. అంటే కంపెనీ కిందికి దించిన దానికంటే మనం పైకి లేపిందే ఎక్కువ. లైటు నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, 50 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల ఎత్తుకు దిగాల్సిన వెలుగు అంచు ఇప్పుడు 123 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్లు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి. వంద మీటర్ల దగ్గర ఒకటిన్నర మీటరు దాటుతుంది. బైకు మీద వచ్చేవాడికీ తప్పదు. డిప్పర్ కొట్టినా ఫలితం లేదు, ఎందుకంటే డిప్‌లో ఉన్న లైటే డిమ్ముగా లేదు.

ఇది ఖాళీ బండి లెక్క. దాని మీద ముప్పై బస్తాలు వేయండి. వెనక ఇంకో మూడంగుళాలు దిగుతుంది. మూతి ఇంకాస్త ఆకాశం వైపు! ఖాళీగా ఉన్నప్పుడు సమానంగా ఉండాలని లేపిన బండి, లోడు పడ్డాక లేచి కూర్చున్న కుక్కలా తయారవుతుంది. ముందు చక్రాల మీద ఉండాల్సిన బరువులో కొంత వెనక్కి జరిగిపోతుంది, స్టీరింగు దూదిలా తేలిపోతుంది. ‘‘పవర్ స్టీరింగ్ మస్తుంది’’ అని డ్రైవరు మురిసిపోయేది అప్పుడే.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా నలభై పైచిలుకు కిలోమీటర్లు నాలుగు వరసల రోడ్డు. మధ్యలో డివైడరు ఉంది కాబట్టి కొంత నయం. అయినా మునగాల, ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ లాంటి ఊళ్ల దగ్గర రాంగ్ రూటులో వచ్చే బండ్లు, అడ్డంగా దాటే మనుషులు ఉండనే ఉంటారు. ఇక పెన్‌పహాడ్, గరిడేపల్లి, నేరేడుచర్ల వైపు లోపలి రోడ్లలో డివైడరు ఎక్కడిది? వరి కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం కుప్పలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. కళ్లలో లైటు పడ్డ రెండు మూడు సెకన్లపాటు బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనపడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే నలభై మీటర్లు. వెనక భార్య, ముందు ట్యాంకు మీద పిల్లవాడు కూర్చుని ఉంటారు.

చక్రాలు బయటికి...

రెండో కోరిక, టైర్లు బయటికి రావాలన్నది. దీనికి రెండు దారులు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసరు అనే మందపాటి బిళ్ల వేయడం ఒకటి. కంపెనీ రిమ్ముకు బదులు బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ము వేయడం ఇంకోటి.

చక్రాలు ఎడం చేస్తే బండి నిలకడ పెరగదా? పెరుగుతుంది. కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డవాణ్ని తోయడం కష్టం. అసలు ఈ విద్య మన రైతుకు కొత్తేం కాదు. ట్రాక్టరు చూడండి. పత్తి సాళ్ల వెడల్పును బట్టి వెనక రిమ్ములు తిప్పి బిగించి చక్రాల ఎడం మార్చుకుంటారు. చాలా ట్రాక్టర్ల ముందు ఇరుసుకైతే వరసగా బెజ్జాలే ఉంటాయి, బోల్టు తీసి లాగి ఇంకో బెజ్జంలో వేయడమే. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే రోజుల్లో కేజ్ వీల్స్ తగిలిస్తారు. ముందు లేవకుండా ముక్కు దగ్గర ఇనుప దిమ్మలు కూడా వేలాడదీస్తారు. ముందు చక్రాలు తేలికైతే ఏమవుతుందో ట్రాక్టరు తోలేవాడికి వేరే చెప్పాలా? బురదలో దిగబడ్డప్పుడు మూతి లేచి వెనక్కి పడ్డ ట్రాక్టర్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

తేడా ఏమిటంటే, ట్రాక్టరు ఇరుసునూ బేరింగునూ ఆ మార్పుకు తట్టుకునేలా చేసినవాడే బెజ్జాలూ పెట్టాడు. పికప్‌కి అలాంటి బెజ్జాలు లేవు. చక్రం నట్టనడుమ పడే బరువు హబ్బు బేరింగుల మధ్యగా వెళ్లేలా దాన్ని తయారుచేశారు. చక్రాన్ని అంగుళం బయటికి జరిపితే అదే బరువు బేరింగును పక్కకు వంచడం మొదలుపెడుతుంది. చేద బకెట్ చెయ్యి ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి మోయడానికీ ఉన్న తేడా అది. సరిగా కూర్చోని స్పేసరైతే నట్టుకు మర చాలినంత దొరకదు. నాలుగు చుట్లు మాత్రమే పట్టిన నట్టుతో టన్నున్నర లాగడం గుండెధైర్యమే గానీ తెలివి కాదు.

స్టీరింగు సంగతి ఇంకోటి. ముందు చక్రం తిరిగేది ఒక ఊహా గీత చుట్టూ. టైరు నేలను తాకే చోటుకూ ఆ గీత నేలను తాకే చోటుకూ దూరం ఎంత తక్కువుంటే అంత మంచిది. చక్రం బయటికి జరిగేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. ఒక పక్క టైరు గుంటలో పడినా, తారు అంచు దిగి మట్టిలోకి పోయినా స్టీరింగు చేతిలోంచి గుంజుకున్నట్టు తిరుగుతుంది. ఒక పక్క బ్రేకు కాస్త ఎక్కువ పట్టినా అంతే. టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తే వానాకాలం బురదంతా పక్కన పోయే బైకువాడి మొహాన, ఎండాకాలం కంకర వెనకొచ్చే కారు అద్దం మీద!

నిలకడ పెరుగుతుందన్న మాటకు మళ్లీ వద్దాం. బండి పల్టీ కొట్టకుండా ఆపేది చక్రాల ఎడం ఒక్కటే కాదు, బరువు ఎంత ఎత్తులో ఉందన్నది కూడా. చక్రాల ఎడంలో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే అంత నిలకడ. ఉదాహరణకు ఎడం 150 సెంటీమీటర్లు, ఎత్తు 75 అనుకుంటే 75 బై 75, ఒకటి. మన కుర్రాడు చక్రాల్ని ఒక్కో పక్క 2.5 సెంటీమీటర్లు బయటికి జరిపాడు, ఎడం 155 అయింది. ముందు 5 సెంటీమీటర్లు లేపాడు, వెనక అలాగే ఉంది, కాబట్టి కేంద్రం సుమారు 2.5 సెంటీమీటర్లు లేచి 77.5 అయింది. ఇప్పుడు 77.5 బై 77.5. మళ్లీ ఒకటే! ఒక చేత్తో సంపాదించింది రెండో చేత్తో పారేసినట్టు. టైర్లు కూడా పెద్దవి వేస్తే ఇంకాస్త నష్టమే.

అది ఖాళీ బండి. గడ్డి మోపులు క్యాబిన్ మీదికి కట్టినప్పుడో, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకని ముప్పై మంది వెనక నిలబడ్డప్పుడో ఆ కేంద్రం ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి. సరకు బండిలో మనుషుల్ని ఎక్కించడమే నేరమన్నది వేరే సంగతి.

ఈ మోజు మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో పికప్ అంటే ఇంటి బండి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ అక్కడ 1977 నుంచి అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు. వెనక డెక్కులో సరకు వేసే రోజులకంటే సూపర్ మార్కెట్‌కు పోయే రోజులే చాలామందికి ఎక్కువ. ఎప్పుడూ ఖాళీగానే తిరిగే బండికి ఆ వంపు అక్కర్లేదు కాబట్టి ముందు అంగుళంన్నర, రెండంగుళాలు లేపే కిట్లు అక్కడ బజారు సరకు. దాంతో ఆగితే బాగుండేది. ముందు బాగా లేపి వెనక దించి, బండి కుదేలైనట్టు కూర్చునే ఫ్యాషన్ ఒకటి బయల్దేరింది. ఎడారి పందేల బండ్లను చూసి పెట్టిన వాత అది. డ్రైవరుకు బానెట్టు ముందు రోడ్డు కనిపించదు, లైట్లు చెట్ల కొమ్మల మీద పడతాయి. చివరికి మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ క్యారీ, మోరిస్‌విల్ ఊళ్లున్న నార్త్ కరొలైనా రాష్ట్రమే 2021 డిసెంబరు నుంచి దాన్ని నిషేధించింది. ముందు ఫెండరు వెనకదానికంటే నాలుగంగుళాలు మించి ఎత్తుండకూడదని లెక్కగట్టి మరీ చట్టం రాసుకున్నారు. 2022లో వర్జీనియా, 2023లో సౌత్ కరొలైనా అదే దారి పట్టాయి.

మన దగ్గర చట్టం ఇంకా కటువు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. ముందు లేపడం ఒకటి, చక్రాలు బయటికి జరపడం ఇంకోటి. కొనుగోలు కేంద్రాల ముందు నిలబడ్డ పికప్‌లన్నింటికీ టేపు పట్టుకుని కొలవడానికి రవాణా శాఖవారికి తీరిక ఉండకపోవచ్చు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు మాత్రం తప్పకుండా కొలుస్తాడు. క్లెయిము ఇవ్వకుండా ఉండటానికి అతనికి అంతకంటే మంచి సాకు దొరకదు.

అలాగని ముందు భాగం ఎంత వంగినా అలాగే వదిలేయమని కాదు. కొన్నిసార్లు నిజంగానే జబ్బు ఉంటుంది. ఐదారేళ్లు ఎత్తిపోతల రోడ్ల మీద తిరిగిన బండికి ముందు కమానులో పట్టీ అణిగిపోయి ఉండొచ్చు, ఒకటి విరిగి ఉండొచ్చు, కాయిల్ కూలి ఉండొచ్చు, బుష్షులు పిప్పి అయి ఉండొచ్చు. దాన్ని బాగుచేయించుకోవడం మార్పు కాదు, వైద్యం. కనుక్కోవడం తేలిక. చదునైన చోట బండి పెట్టండి. మిల్లుల దగ్గర కాంటా పక్క సిమెంటు గచ్చు దీనికి భేషైన జాగా. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. ప్రతి చక్రం హబ్బు మధ్య నుంచి నిటారుగా పైన ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి పలక మీద రాసుకోండి. ముందు కుడి, ఎడమల మధ్య వేలెడు తేడా ఉంటే ఒక పక్క స్ప్రింగు పోయినట్టే. రెండూ ఒకేలా ఉండి, అదే మోడల్ కొత్త బండి కంటే బాగా తక్కువుంటే రెండూ అణిగినట్టు. తర్వాత మీరు రోజూ వేసే లోడు వేసి మళ్లీ కొలవండి. అప్పుడు బండి ఇంచుమించు సమానంగా నిలబడిందా? ఇక ఎవరేమన్నా బిళ్లల జోలికి పోవద్దు. లోడు వేసినా వెనకే ఎత్తుగా ఉందా? వెనక పట్టీలు లెక్కపెట్టండి, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువుంటే ఒకటి తీయించండి. మూతి దానంతటదే లేస్తుంది, ప్రయాణం మెత్తబడుతుంది, బ్రేకు కడ్డీ కూడా తన పని తాను చేసుకుంటుంది. రెండంగుళాల కోరిక ఖర్చు లేకుండా సగం తీరినట్టే.

సరకు ఎప్పుడూ వేయకుండా, ఇంటిల్లిపాదీ తిరగడానికే డబుల్ క్యాబిన్ కొన్నవాళ్ల మాట వేరు. అలాంటివాళ్లు కూడా కంపెనీ డీలరు అధికారికంగా అమ్మే, వారంటీ పోని సామాను ఏదైనా ఉందేమో అడిగి, రిజిస్ట్రేషనుకు ఇబ్బంది లేదని రాయించుకుని మరీ ముందుకెళ్లాలి. టైర్లయితే ఆ మోడల్ పై వేరియంటుకు కంపెనీయే ఇచ్చే సైజు దాకా ఆగడం క్షేమం. ముచ్చట తీర్చుకోవడానికి చట్టం అడ్డురాని పనులు బోలెడున్నాయి. వెనక తలుపు మీద రాతలు, కుచ్చులు, అద్దం మీద కొడుకు పేరు... ఆ కళలో మన లోరీలవాళ్లను మించినవాళ్లు లేరు!

ఇప్పటికే లేపించేసినవాళ్లు ఈ రాత్రే ఓ పని చేయొచ్చు. గోడకు పది మీటర్ల దూరంలో బండిని నిలబెట్టి, హెడ్‌లైటు నడిమధ్య ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గీయండి. లో బీమ్ వేయండి. వెలుగు పై అంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు కిందుండాలి. గీత దాటి పైకి పోతోందా? లైటు వెనక ఉండే స్క్రూతో దించించండి. అది ఖాళీ బండి సంగతి, లోడు వేశాక మళ్లీ చూడాలి. చాలా బండ్లలో స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఒకటుంటుంది. సున్నా ఖాళీ బండికి, అంకె పెరిగేకొద్దీ వెలుగు కిందికి దిగుతుంది, లోడు ఉన్నప్పుడు తిప్పడానికి. బండి కొన్నప్పుడు ఏ అంకె మీద ఉందో ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది, దుమ్ము పట్టి. ధాన్యం వేసుకుని బయల్దేరే ముందు దాన్ని రెండుకో, మూడుకో తిప్పండి.